మగ్గని ఆకు

"ఆ పెట్టె గడప లోపలికి వస్తే నేను గడప బయటికి పోత. ముందే చెప్తున్న."

సంధ్యారాణి తలుపుకు అడ్డంగా నిలబడింది. వంట మధ్యలో లేచి వచ్చినట్టుంది, చేతిలో పప్పుగుత్తి అట్లాగే ఉంది.

ఆదివారం పొద్దున పది దాటింది. ఎదుటి క్వార్టర్ల ఆడవాళ్ళు నల్లా దగ్గర బిందెలు వదిలేసి ఇటే చూస్తున్నారు.

వేదవ్యాస్ చెప్పులు విడవబోయి ఆగాడు. చంకలో గుడ్డ చుట్టిన చెక్కపెట్టె ఉంది. మంథని నుంచి బండి మీద వచ్చిన మనిషి, జుట్టంతా దుమ్ము.

"ఏమైంది వదినా? నేనొస్తున్ననని అన్నకు మొన్ననే ఫోన్ చేసిన గదా."

"ఆయన నీకేం చెప్పలేదా సారూ?"

"ఏం చెప్పాలె?"

లోపల మంచం కిర్రుమంది. భూపాల్ గోడ పట్టుకుని లేచాడు. "సంధ్యా, పక్కకు జరుగు. సారును ఎండల నిలబెడ్తవా?"

"చెప్పు మరి సారుకు. నాలికె కింద పుండు లేసిందని చెప్పు. రేపు పొద్దుగాల హైదరాబాద్ పోవాలె, ఆడ ముక్క కోసి పరీక్షకు పంపుతరు, అవసరమైతే అపరేషన్ గూడ చేస్తరని చెప్పు. ఇగ పొగాకు ముట్టద్దని దవాఖానల డాక్టరమ్మ అన్నదని గూడ చెప్పు."

వేదవ్యాస్ పెట్టెను రెండు చేతులతో పట్టుకున్నాడు. "అన్నా... నిజమేనా?"

"పెసరగింజంత గూడ లేదు సారూ. ఆడోళ్ళ బుగులు, ఉత్త భయం."

"పెసరగింజంత దానికి నాలికె సగం తీసుడు పడ్తదేమో అని ఎందుకన్నది డాక్టరమ్మ?"

అడిగాక తన మాట తనకే వినబడి సంధ్యారాణి నోరు మూసుకుంది. ఆ ఇంట్లో మూడు రోజులుగా ఎవరూ పైకి అనని మాట అది.

నల్లా దగ్గరున్న ఒకామె బిందె ఎత్తుకుని లోపలికి పోయింది.

"నేను పోత అన్నా," అన్నాడు వేదవ్యాస్. "మీకు నయమయ్యేదాంక మీ ముందల పొగాకు పెట్ట. శుక్రవారం సభ ఎట్లనో అట్ల చేసుకుంట."

"ఆగు సారూ."

భూపాల్ గుమ్మం దాకా వచ్చాడు. యాభై నాలుగేళ్ళు. బొగ్గు బాయిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన భుజాలు ఇప్పుడు బనియన్‌లో వదులుగా ఉన్నాయి. భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"సంధ్యా, రేపటి సంది నాకు నాలికె ఎట్లుంటదో, ఉంటదో ఉండదో తెల్వది. ఈ చుట్ట నేను మూడేండ్ల సంది చెప్పంగ చెప్పంగ తయారైంది. ఒక్కసారి చూడనియ్యి. సగం గూడ తాగ. పావు."

సంధ్యారాణి చేతిలోని పప్పుగుత్తి కిందికి దించింది.

రెండేళ్ళుగా ఈ మనిషి ఆమెను నోరు తెరిచి ఏదీ అడగలేదు. కూర బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఆమె తమ్ముడు ఎల్లన్న బాయిలో గ్యాస్‌కు పోయిన దినం నుంచి అంతే. ఆ షిఫ్టుకు సర్దార్ భూపాలే. సర్దార్ ముందు పోయి గాలి చూసి, కప్పు చూసి, సరే అంటేనే మిగిలినవాళ్ళు లోపలికి పోవాలి. తన కళ్ళ ముందే బామ్మర్ది పోయాడన్న బాధకు భూపాల్ మోకాళ్ళు కూడా పట్టు తప్పాయని అందరూ అన్నారు. ఆరు నెలలకు డాక్టర్ల పరీక్షలో అన్‌ఫిట్ అయ్యాడు. ఆ నౌకరి బిడ్డ సంతోషికి వచ్చింది. అప్పటి నుంచి అతను మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నాడు. నెలకొకసారి వేదవ్యాస్ వచ్చినప్పుడే లేచి కూర్చుంటాడు, నాలుగు మాటలు మాట్లాడతాడు.

ఆమె పక్కకు జరిగింది.

"పావే. నేను ఈడనే కూసుంట. చూస్త."

* * *

లోపల సంతోషి వంటింటి గుమ్మంలో కూర్చుని డ్యూటీ చొక్కాకు గుండీ కుడుతోంది. వేదవ్యాస్‌ను చూసి తలూపింది, పలకరించలేదు. గురువారం నాడు తండ్రిని దవాఖానకు తీసుకుపోయింది ఆమే. తిరిగి వచ్చినప్పటి నుంచి ఆమె కూడా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు.

"చాయ పెట్టవే," అన్నాడు భూపాల్.

సంతోషి లేచి పాలు పొయ్యి మీద పెట్టి, మళ్ళీ వచ్చి అదే గుండీ పట్టుకుంది.

వేదవ్యాస్ గుడ్డ విప్పాడు. టేకు పెట్టె. మూత మీద కాల్చి రాసిన అక్షరాలు: రామగిరి. కింద చిన్నగా ఒకటో నెంబరు. మూడు వందల పెట్టెలే చేశాడు. ఒక్కోదానిలో పది సిగార్లు. మళ్ళీ చెయ్యడు. శుక్రవారం హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో విడుదల. దుబాయ్ నుంచి ఇద్దరు వస్తున్నారు.

సిగార్ అంటే దొరల చుట్ట అని భూపాల్ నవ్వేవాడు మొదట్లో. గోదావరి ఒడ్డున తన పొలంలో పండించిన ఆకుతో అంత ఖరీదైన చుట్ట చేస్తానని వేదవ్యాస్ ఉద్యోగం మానుకుని వచ్చినప్పుడు మంథనిలో అందరూ నవ్వారు. తల్లి పద్మావతమ్మ మాత్రం నవ్వలేదు. పొగాకు ముట్టిన చేతితో దేవుడి గదిలోకి రావద్దన్నది. అయిదేళ్ళుగా అతను ఆ గది బయటే నిలబడి దండం పెట్టుకుంటున్నాడు.

అంతకు ముందు అతను బాయి ల్యాబులో గాలి పరీక్ష చేసేవాడు. భూపాల్ ముక్కు సంగతి అక్కడే తెలిసింది. బొగ్గు తీసేసి గోడ కట్టిన చోట లోపల మిగిలిన బొగ్గు దానంతట అదే వేడెక్కుతుంది. మంట రాకముందే సన్నటి వాసన వస్తుంది, కిరసనాయిల్ పడిన తడిగుడ్డ ఎండలో ఆరినట్టు. మీటరు చెప్పకముందే భూపాల్ చెప్పేవాడు. సీసాల్లో పట్టి పంపిన గాలిని పరీక్ష చేస్తే ప్రతిసారీ అతని మాటే నిజమయ్యేది. బాయి మీద అతన్ని భూపాల్ అని పిలిచేవాళ్ళు తక్కువ. ముక్కు సర్దార్ అనేవారు.

"ఇది చూడుండ్రి ముందుగాల," అంటూ వేదవ్యాస్ సంచిలోంచి చిన్న పుస్తకం తీశాడు. నున్నటి కాగితం. ప్రతి పెట్టెలో ఒకటి పెడతారట.

మొదటి పేజీలో భూపాల్ ఫొటో. తలకు టోపీ, దాని మీద దీపం. పాత ఫొటో.

"చదువు సారూ," అన్నది సంధ్యారాణి. ఆమె గొంతు కొంచెం మెత్తబడింది.

వేదవ్యాస్ చదివాడు. "భూమి కింద నిప్పును వాసనతో పట్టిన మనిషి ఇతను. ఒకే దినం నలభై మూడు మందిని బయటికి తీసుకొచ్చిన ముక్కు ఇది. ఈ సిగార్‌లో ప్రతి రుచినీ ఆ ముక్కు ఒప్పుకున్నాకే..."

"అది తీసెయ్యి," అన్నాడు భూపాల్.

"ఏది అన్నా?"

"నా ఫొటో. ఆ ముచ్చట. తీసెయ్యి."

"అచ్చయిపోయింది అన్నా. అబద్ధమేమన్న రాసిన్నా? ఆ నలభై మూడు మందిల నేను గూడ ఉన్న గదా. మర్చిపోయిండ్రా?"

భూపాల్ పుస్తకం మూసి బోర్లించి పెట్టాడు. "కానియ్యి. జల్ది కానియ్యి."

* * *

పీట మీద నీళ్ళ గ్లాసు, పళ్ళెంలో మరమరాలు. వేదవ్యాస్ నోటుపుస్తకం తెరిచాడు. అందులో వరసగా గళ్ళు: చేతికి ఎట్లుంది, గాలి ఎట్ల వస్తుంది, మంట, రుచి, బూడిద. చివర వందకు మార్కులు.

భూపాల్ నీళ్ళు పుక్కిలించాడు. పుండుకు తగిలిందేమో, ముఖం ముడుచుకుంది. సంధ్యారాణి చూసింది.

సిగార్‌ను రెండు వేళ్ళ మధ్య పట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి నొక్కుకుంటూ పోయాడు. మధ్యలో ఆగాడు.

"ఈడ జెర మెత్తగుంది. లోపల ఆకు తక్కువ పడ్డది. పై ఆకు మాత్రం మంచిగ చుట్టిండ్రు, నరం కనబడ్తలేదు."

వేదవ్యాస్ రాసుకున్నాడు. చెవి దగ్గర పెట్టి తిప్పి, చప్పుడు లేదు, తేమ సరిగ్గా ఉందన్నాడు భూపాల్. బ్లేడుతో చివర కోశాడు. వెలిగించకుండానే ఒకసారి గుంజి చూశాడు. గాలి బిగుతుగా లేదన్నాడు. అవన్నీ వేళ్ళకూ పెదవులకూ తెలిసే సంగతులు. అవి చెప్తున్నంతసేపూ అతని గొంతు నిబ్బరంగా ఉంది.

సన్నటి దేవదారు పుల్ల అంటించి, సిగార్ కొసను మంటకు తాకీ తాకకుండా తిప్పుతూ వెలిగించాడు. మొదటి పొగ నోట్లో తిప్పి, కొంచెం ముక్కులోంచి వదిలాడు. అసలు రుచి అట్లా వదిలినప్పుడే తెలుస్తుందని వేదవ్యాసే అతనికి నేర్పాడు.

"తీపి వస్తున్నది ముందుగాల," అన్నాడు. "ఎండిన ఇప్పపువ్వు."

వేదవ్యాస్ కలం కదల్లేదు.

భూపాల్ అతని ముఖంలోకి చూశాడు. మామూలుగా ఈపాటికి వేదవ్యాస్ కళ్ళు మెరవాలి, లేకపోతే కనుబొమ్మలు ముడిపడాలి. ఇవాళ ఆ కళ్ళు భూపాల్ పెదవుల మీదే ఉన్నాయి. అతను పుండు గురించే ఆలోచిస్తున్నాడు.

"అటెన్క... ఏయించిన చింతగింజ పొట్టు. అడుగున తొలకరి మట్టి."

"ఇంకేమన్న తెలుస్తున్నదా అన్నా? నిదానంగ చూసి చెప్పుండ్రి."

"ఇంకేముంటది. సాఫ్ ఉంది. తొంభై రెండు రాసుకో."

పొగ మెల్లగా గది దాటి గుమ్మం వైపు పోయింది. సంధ్యారాణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసి, ఒకసారి గట్టిగా పీల్చింది.

"ఆకు మగ్గలే," అన్నది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నీకేం ఎరుక?" అన్నాడు భూపాల్.

"మా నాయిన ఇరవై ఏండ్లు పొగాకు ఏసిండు ఏటి ఒడ్డున. నాకెరుక లేకపోతె ఎవరికెరుక? ఆకు కుప్ప ఏసి, కప్పి, నాలుగు దినాలకోపారి తిరగెయ్యాలె. తొందరపడి ముందే ఇప్పితే గిదే వాసన. బర్రెల కొట్టంల ఉచ్చ వాసన. మా నాయినైతే గసొంటి ఆకు ఎవ్వరికీ అమ్మకపోతుండె, ఏట్ల ఏస్తుండె."

"ఏ వాసన లేదు. నీకు పొగాకంటెనే గిట్టదు."

"గిట్టకపోతే వాసన మారుతదా?"

"ఊకో సంధ్యా! మూడేండ్ల సంది చూస్తున్న నేను. నీ లెక్క వంటింట్ల నిలబడి చెప్తలేను."

"వదిన చెప్పేది..." వేదవ్యాస్ గొంతు సవరించుకున్నాడు. "అన్నా, నాకు గూడ వారం సంది అనుమానంగనే ఉన్నది. చివరి కుప్ప కొంచెం తొందరగ ఇప్పినం, తారీఖు దగ్గరపడ్డదని. వాసన తేడగ కొడుతుందా, నా బుగులా అని తేల్చుకోలేక మీ దగ్గరికి తెచ్చిన. మీరు సాఫ్ అంటే సాఫే అనుకుందామని."

భూపాల్ సిగార్‌ను ఇంకోసారి గుంజాడు. పొగ నోట్లో పట్టి, కళ్ళు మూసుకున్నాడు. 

అప్పుడే వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మాడు వాసన గుప్పున వచ్చింది. సంధ్యారాణి తల అటు తిరిగింది. వేదవ్యాస్ తల తిరిగింది. సంతోషి గబాలున లేచి లోపలికి పోయింది.

భూపాల్ కళ్ళు తెరిచి బూడిద వైపు చూశాడు. "బూడిద చూడు, ఎట్ల నిలబడ్డదో. తెల్లగ, గట్టిగ. మగ్గని ఆకైతే గిట్ల నిలబడ్తదా?"

సంధ్యారాణి, వేదవ్యాస్ అతని ముఖంలోకే చూశారు.

"ఏంది?" అన్నాడతను. "ఏందట్ల చూస్తుండ్రు?"

* * *

సంధ్యారాణి వచ్చి అతని ముందు కూర్చుంది.

"లోపల ఏమైంది చెప్పు."

"ఏమైంది?"

"ఇంట్ల ఏం వాసన వస్తున్నది ఇప్పుడు?"

భూపాల్ వంటింటి వైపు చూశాడు. సంతోషి తడిగుడ్డతో పొయ్యి తుడుస్తూ కనిపించింది. "పాలు పొంగినయి," అన్నాడు.

"చూసి చెప్పినవు."

"జలుబు చేసింది. రెండు దినాలైంది."

"జలుబు కాదమ్మా," అన్నది సంతోషి.

గుడ్డ చేతిలోనే ఉంది. నీళ్ళు కారుతున్నాయి. "డాక్టరమ్మ నన్ను బయట కూసోమన్నది. బాపు ఒక్కడే మాట్లాడిండు. అటెన్క చీటీ నా చేతికిచ్చింది. ఇంగ్లీషుల ఉన్నది. చదివిన."

"సంతోషీ!" అన్నాడు భూపాల్.

"ఏం రాసి ఉన్నది?" అన్నది తల్లి.

"వాసన తెల్వదని. ఒక్క దినమో రెండు దినాలో కాదు. కరోనా జరం వచ్చినప్పటి సంది, నాలుగేండ్ల సంది, అసలే తెల్వదని. డాక్టరమ్మ అడిగితే బాపే చెప్పిండు."

సంధ్యారాణికి ఆ జ్వరం గుర్తుంది. ఇంట్లో ముగ్గురూ పడ్డారు. ఆమెకు పదిహేను రోజులకు వాసన తిరిగి వచ్చింది. ఆ సంబరంలో వెల్లుల్లి కారం నూరి, అన్నంలో కలిపి అతని నోట్లో ముద్ద పెట్టి, నీకు తెలుస్తుందా అని అడిగింది. తెలుస్తున్నది, మస్తుగున్నది అన్నాడు. ఆమె పోయి పోచమ్మకు కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

"నాలుగేండ్లు," అన్నదామె.

గోడ మీద ఎల్లన్న ఫొటో వైపు చూడలేదు. నేల వైపు చూస్తూ కూర్చుంది. ఆమె పెదవులు మాత్రం కదిలాయి. ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టు.

వేదవ్యాస్ నోటుపుస్తకం మూశాడు. "మరి మూడేండ్ల సంది మీరు చెప్పిన రుచులు? ఇప్పపువ్వు, చింతగింజ... నేను అవన్నీ నమ్మి ఆకులు కలిపిన."

"చేదు, తీపి నాలికెకు తెలుస్తుండె. మిగతాది నీ మొఖం చూసి చెప్పిన సారూ. నీకు మంచిగనిపిస్తే నీ మొఖంల తెలుస్తది. ఈ నడుమ పుండు లేసినంక నాలికె గూడ పోయింది."

"అన్నా..."

"ఎల్లిగాడు పోయి రెండేండ్లు," అన్నది సంధ్యారాణి. తమ్ముణ్ణి చిన్నప్పుడు అట్లాగే పిలిచేది. "నీకు వాసన పోయి నాలుగేండ్లు."

భూపాల్ చేతిలో సిగార్ ఇంకా కాలుతోంది. వేదవ్యాస్ చెయ్యి చాచి దాన్ని తీసుకుని పళ్ళెంలో పెట్టాడు.

"ఆ దినం ఏమైంది?"

"ఎంక్వయిరీల చెప్పిన గదా. గ్యాస్ ఒక్కపారే..."

"ఎంక్వయిరోళ్ళకు చెప్పింది కాదు. నాకు చెప్పు."

భూపాల్ చెప్పడం మొదలుపెట్టాడు. నాలుక నొప్పికి మాట తడబడింది. మధ్యమధ్య ఆగి నీళ్ళు తాగాడు.

"మీటరు తక్కువనే చూపెట్టింది. అది అబద్ధం కాదు. గోడ దగ్గరికి పోయినం, నేను, నా షిఫ్టుల చేసే సదానందం. సదానందం ఆగిండు. ఏదో వాసన వస్తున్నట్టున్నదే సర్దారూ, అన్నడు. నేను ముక్కు పెట్టిన. నాకేం తెల్వలె. నాకు తెల్వదని నాకెరుకే."

"అయితే?"

"లేదురా, ఏం లేదు అన్న."

సంతోషి చేతిలోని గుడ్డ కింద పడింది.

"వాడు నమ్మిండు. ముక్కు సర్దార్ లేదంటే ఎవడు ఉన్నదంటడు? వెనక నుంచి ఎల్లన్న నవ్విండు. బావ చెప్పిండంటే అయిపాయె, నడువుండ్రి అని వాడే ముందుకు పోయిండు. గ్యాస్ ముంచుకొచ్చింది. సదానందం తట్టుకోని పడ్డడు, వెనకకు గుంజిన. ఎల్లన్న అందలె."

"ఎందుకు చెప్పలే నాకు? జరం తగ్గినంక అడిగిన గదా నిన్ను. నోట్లె ముద్ద పెట్టి అడిగిన."

"ఇరవై ఏండ్లు ముక్కు సర్దార్ అన్నరే నన్ను. ముక్కు లేదంటే నాకేం పేరుంటది? ఇయ్యాల వస్తది, రేపు వస్తది అనుకున్న. పొద్దున లేస్తనే సబ్బు వాసన చూసుకుంటుంటి."

"నా తమ్మునికి గూడ పేరుండె," అన్నదామె.

గట్టిగా అనలేదు. ఏడవలేదు కూడా. కింద పడిన గుడ్డ తీసి, నేల మీద పడిన నీళ్ళు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

"ఆ నౌకరి నేను చేస్తున్న," అన్నది సంతోషి. "మామ పోయినంక అత్త గూడ ఆడనే చేస్తున్నది. ఆమె ఎదురుంగ రోజూ అదే గేట్లకెళ్ళి పోతున్న."



* * *

వేదవ్యాస్ పెట్టె సర్దుకున్నాడు. గుడ్డ చుట్టి ముడి వేశాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"మా అమ్మ ఒక మాట అన్నది అన్నా, నేను నౌకరి ఇడిచిపెట్టినప్పుడు. నీ కండ్లతోని చూసుకోకుంట ఎవరి మాట మీద పైసలు పెట్టకురా అన్నది. భూపాలన్న ముక్కు మీద పెడ్తున్న, అది నా కండ్లకంటే ఎక్కువ అని నేనన్న."

భూపాల్ తలెత్తలేదు. "ఆ పుస్తకాలు కాలబెట్టు సారూ."

"పుస్తకాలేనా? మూడు వందల పెట్టెలు. అన్నింటిల అదే ఆకు."

"అన్ని కాలబెట్టు."

వేదవ్యాస్ ఏదో అనబోయాడు. భూపాల్ నోటి వైపు చూసి ఊరుకున్నాడు. "రేపు హైదరాబాద్‌ల ఏమన్న అవసరముంటే ఫోన్ చెయ్యి సంతోషీ," అన్నాడు. ఆ మాటలో పాత వేదవ్యాస్ కొంచెమే ఉన్నాడు. బండి చప్పుడు మలుపు దాకా వినిపించి ఆగిపోయింది.

అతను పోయాక ఇల్లు ఇంకా ఇరుకైంది. భూపాల్ మంచం మీద కూర్చున్నాడు. సంధ్యారాణి గోడకు ఆనుకుని కూర్చుంది. సంతోషి వంటింట్లో మాడిన గిన్నె రుద్దుతోంది. ఆ చప్పుడు ఒక్కటే.

"నన్ను తిట్టు," అన్నాడు భూపాల్.

ఆమె వంటింటి వైపు చూసింది.

"కొట్టు. పోని, రేపు నాతోని రాకు. ఒక్కన్నే పోత. పోయి అటే..."

"నోరు మూసుకో."

బయట గేటు చప్పుడైంది.

"వదినా!"

జమున గొంతు. ఎల్లన్న భార్య. రెండు గల్లీల అవతల క్వార్టర్‌లో ఉంటుంది. భర్త నౌకరి ఇప్పుడు ఆమె చేస్తోంది, స్టోరులో. సంధ్యారాణి ఉలిక్కిపడి లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుని వాకిట్లోకి పోయింది. తలుపు దగ్గరగా వేసింది, లోపలి మనిషి కనబడకుండా.

జమున చేతిలో బట్టల సంచి ఉంది. ఎండకు ముఖం ఎర్రబడింది, అయినా నవ్వుతోంది.

"మూడు దినాలు లీవు పెట్టిన వదినా. మీరిద్దరే పోవుడు ఎట్లయితది? సంతోషికి లీవు దొరకకపాయె. ఆయన ఉంటే ఆయన వచ్చేటోడు బావకు తోడు. ఆయన లేడు గదా, నేనొస్త." ఆమె సంచి భుజం మార్చుకుంది. "అన్న తిన్నడా? నాలికె మండుతదని కారం లేకుంట జావ కాసిన. డబ్బల పోసి తెచ్చిన."

సంధ్యారాణి సంచి వైపు చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఏమైంది వదినా? ఏడ్చినవా? ఏందీ మాడు వాసన?"

"పాలు మాడినయి," అన్నది సంధ్యారాణి. "గంతే. పాలు మాడినయి జమునా. నువ్వు పో, రేపు పొద్దుగాల బస్టాండుకే రా."

తమ్ముడి భార్య భుజం మీద చెయ్యి వేసి గేటు వైపు తిప్పింది. తానేం చేస్తున్నదో ఆమెకు తెలుసు. పొద్దున చెప్పు చెప్పు అని మొగుణ్ణి వాకిట్లో నిలదీసిన మనిషే ఇప్పుడు తలుపు మూసింది. రేపు ఆయన నోట్లో కత్తి పెడతారు. ఆయన్ను తీసుకుపోవడానికి ఈ లోకంలో ముందుకొచ్చింది ఈ ఒక్క మనిషే. ఈ ఒక్క పూట గడిచిపోతే చాలనుకుంది. తర్వాత ఎట్లాగో చెప్పవచ్చు. ఆ తర్వాత ఎప్పటికీ చెప్పలేనని కూడా తెలుసు.

జమున రెండడుగులు వేసింది.

"జమునా. ఆగు."

తలుపు తెరుచుకుంది. భూపాల్ గడప మీద నిలబడ్డాడు. అతని వెనక సంతోషి, చేతులకు గిన్నె మసితో.

"ఏందన్నా, ఎందుకు లేసినవు? పండుకోరాదు?"

"నువ్వు రేపు నాతోని రావద్దు."

"గదేంది! లీవు పెట్టిన గదా."

"రావద్దు. ఎందుకు రావద్దో చెప్త. కూసో."

"వద్దు," అన్నది సంధ్యారాణి. పరుగున వచ్చి అతనికి, జమునకు మధ్య నిలబడింది. "ఇయ్యాల వద్దు. నీకు దండం పెడ్త. అపరేషన్ కానియ్యి."

"అటెన్క నాకు మాట రాదు సంధ్యా," అన్నాడతను.

ఆమె చేతులు కిందికి జారాయి.

జమున ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఏందన్నా, గట్ల బుగులు పెడ్తున్నవు," అంటూ మెట్టు మీద కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

భూపాల్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ళు వంగక గోడ పట్టుకోవలసి వచ్చింది.

"ఆ దినం గోడ దగ్గర సదానందానికి వాసన వచ్చింది. నాకు రాలే. నాకు అంతకు రెండేండ్ల ముందు సందే ఏ వాసనా రాదు. ఆ సంగతి నాకెరుక. ఎరుకుండి గూడ లేదన్న. ఎల్లన్న నా మాట మీద లోపలికి పోయిండు."

ఎదుటి నల్లా దగ్గర ఎవరో బిందె పెట్టిన చప్పుడైంది. నీళ్ళు పడటం మొదలైంది.

జమున ఒళ్ళోని సంచి తీసి పక్కన పెట్టింది. జావ డబ్బా తీసి దాని పక్కన పెట్టింది. కొంగు సరిచేసుకుంది.

"మళ్ళొక్కపారి చెప్పు," అన్నది.

ఈసారి అన్నా అని అనలేదు.